ఫలక్‌నుమా లైనుకు ఒక హద్దు

వెస్లీ ఎడమ చెవి పైభాగాన చిన్న కాయ ఒకటి ఉంది. పుట్టుకతో వచ్చింది కాదు. టెలిఫోన్ లైన్‌మన్‌గా ముప్పై ఒక్క ఏళ్లు స్తంభాలెక్కి, కేబుల్ గుంతల్లో దిగి, టెస్ట్ ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని రెండు చేతులా తీగలు కలుపుతూ సంపాదించుకున్నది. రిటైరైన రోజు కప్పిన శాలువా, ఇచ్చిన గోడ గడియారం ఇప్పుడు ఇంట్లో ఏ మూల ఉన్నాయో ఆయన భార్య బేబీకి కూడా తెలియదు. కాయ మాత్రం అలాగే ఉంది. మనసులో ఏదైనా మెలిక పడితే ఆయన వేలు దాని మీదికే పోతుంది. ఈ ఏడాది జూలై నెలంతా ఆ వేలు అక్కడే ఉంది.

ఫలక్‌నుమా స్టేషన్ పక్క గల్లీలో, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు పైన చిన్న దవాఖానా గది ఒకటుంది. సైదాబాద్‌లో పెద్దాసుపత్రి నడిపే ఒక ధర్మ ట్రస్టు పాతబస్తీ చుట్టుపక్కల ఇలాంటి గదులు ఐదు తెరిచింది. గదికొక నర్సు, బీపీ మిషను, షుగరు చూసే మిషను, గోడకొక తెర. డాక్టర్ సైదాబాద్‌లో కూర్చుని తెర మీద కనబడుతుంది, చూస్తుంది, మందులు చెబుతుంది. ఫలక్‌నుమా గదిలో నర్సు సుజన, తెర మీద డాక్టర్ లలితమ్మ. ఐదు గదుల తీగల బాగోగులు చూసేది వెస్లీ. ఐదేళ్ల కిందట డిపార్ట్‌మెంట్ వాళ్లు సగంమంది లైన్‌మన్లను ఒకే రోజున ఇంటికి సాగనంపాక, ఆరు నెలలు మంచం మీద పడుకుని ఫ్యాను వైపు చూసి చూసి, ఆయన ఈ పనిలో చేరాడు.

మిగతా నాలుగు గదులూ ఆయనకు ఉద్యోగం. ఫలక్‌నుమా గది అలా కాదు. ఆ గదికి వచ్చే ఫైబర్ లైను ఆయన సర్వీసులో వేసిన ఆఖరి కేబుల్. స్టేషన్ ఎదురుగా రోడ్డు కింది చాంబర్‌లో ఉన్న జాయింట్ ఆయన చేతి ఆఖరి జాయింట్. జాయింట్ మూసేముందు లోపల ఒక చీటీ పెట్టడం పాత లైన్‌మన్ల అలవాటు. దాని మీద జాయింట్ చేసినవాడి పేరు, తేదీ ఉంటాయి. వెస్లీకి పని నేర్పిన ఉస్తాద్ సీతారాం నేర్పిన అలవాటు అది. "రేపు తెరిచినోడు తిట్టాలన్నా నీ పేరు తెల్వాలె గద," అనేవాడు ఆయన. ఆ చాంబర్‌లో, జాయింట్‌ను మూసిన నల్లటి డబ్బాలో, తన పేరు రాసిన చీటీ ఉంది. ఆ తీగ మీద డాక్టరమ్మ గొంతు వస్తున్నంత కాలం తన ఉద్యోగం ఇంకా పూర్తిగా పోలేదని వెస్లీకి ఒక లోలోపలి నమ్మకం.

ఆ గొంతే ఇప్పుడు తెగిపోతోంది.

మార్చిలో ట్రస్టు ఐదు గదులకూ కొత్త నల్ల పెట్టెలు తెచ్చింది. ఎస్‌డీ-వాన్ అంటారు దాన్ని. పెట్టెకు రెండు దారులిస్తారు: ఒకటి నేల కింది తీగ, రెండోది సిమ్ కార్డు. అది సెకనుకొకసారి సైదాబాద్‌కు చిన్న కబురు పంపి, తిరిగి రావడానికి సెకనులో ఎన్ని వెయ్యో వంతులు పట్టిందో, నూరు కబుర్లలో ఎన్ని దారిలో పడిపోయాయో చూసుకుంటుంది. ఆలస్యం ఇంత దాటితే, పడిపోయేవి ఇంత దాటితే ఈ దారి వదిలి ఆ దారి పట్టు అని ముందే ఒక హద్దు చెప్పి పెట్టాలి. ఇంజనీర్లు దాన్ని థ్రెషోల్డ్ అంటారు. పెట్టెకు సొంత తెలివి లేదు. హద్దు చెప్పినవాడి తెలివే దాని తెలివి.

హద్దు చెప్పింది శ్రవణ్‌కుమార్ అనే ఇంజనీరు. ట్రస్టు పని తీసుకున్న కంపెనీ వాడు, మాదాపూర్‌లో అద్దాల మేడలో పద్నాలుగో అంతస్తు. ఆ మేడల్లో కూర్చునేవాళ్లకు ఫలక్‌నుమా అంటే కొండ మీది ప్యాలెస్. దాని కింద మనుషులుంటారని, వాళ్లకు షుగరు ఉంటుందని, కాళ్ల మీద మానని పుండ్లు ఉంటాయని తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకు ఎన్నడూ పడలేదు. శ్రవణ్‌కుమార్ ఐదు గదులకూ ఒకటే హద్దు పెట్టాడు: ఆలస్యం వంద, పడిపోయేవి నూటికి ఒకటి. ఒక్క బటన్ నొక్కి ఐదింటికీ వేసి, టిఫిన్‌కు వెళ్లిపోయాడు.

అప్పట్నించీ ఫలక్‌నుమా తెర మీద లలితమ్మ నోరు తెరిచి అలాగే బిగుసుకుపోవడం మొదలైంది. నాలుగు సెకన్లు మాట లేదు, కదలిక లేదు. మళ్లీ వస్తుంది, సగం వాక్యం అయిపోయి ఉంటుంది. మళ్లీ బిగుసుకుంటుంది. పెట్టె తీగ మీంచి సిమ్ మీదికి, సిమ్ మీంచి తీగ మీదికి దూకినప్పుడల్లా ఇదే తంతు. రోజుకు నలభై సార్లు దూకుతోందని రిపోర్టు.

ట్రస్టు పెద్ద రామ్‌చందర్ పాల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. చెడిపోయిన క్యాన్‌ను వాసన చూసి పక్కన పెట్టినట్టే అన్నిటినీ చూస్తాడు. జూలై మొదటి వారంలో వెస్లీని పిలిచాడు.

"వెస్లీ భాయ్, నాకు లైను సంగతి తెల్వదు. ఈ నెలాఖరు దాకా చూస్త. గిట్లనే ఉంటే ఆ గది బంద్ చేద్దాం. లైను సరెండర్ చేసేయ్. అందరినీ సైదాబాద్‌కే రమ్మందాం."

అందరూ అంటే ఎవరో వెస్లీకి తెలుసు. మొదట సక్కుబాయి. మున్సిపాలిటీలో రోడ్లూడ్చి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి, కుడి మడమ మీద పుండు. గది మెట్లు పద్నాలుగు ఎక్కడానికే మూడుసార్లు కూర్చుంటుంది. రెండు బస్సులు మారి సైదాబాద్ పోవడం ఆమె వల్ల కాదు. పోలేనివాళ్లు పోరు. పుండు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఈ సంగతి రిపోర్టుల్లో ఉండదు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ వెస్లీ సీతారాంను తలచుకున్నాడు. మనిషి పోయి పదేళ్లయింది. తలచుకుంటే మాత్రం ఇంకా ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, నోట్లో పాన్‌తో పక్కనే నడుస్తున్నట్టుంటుంది.

అప్పుడు వెస్లీకి పాతికేళ్లు కూడా లేవు. కేబుల్‌లో రాగి తీగల మీద కాగితం చుట్టి ఉండేది. వాన పడిందంటే కాగితం తడిసేది, లైన్లు గురకపెట్టేవి. మెగ్గర్ అని ఒక కొలిచే మిషను ఉండేది. దాని పిడి తిప్పితే తీగ ఎంత పొడిగా ఉందో ముల్లు చూపించేది. ముల్లు అర కన్నా కిందికొస్తే లైను కోసేసి, ఆరేదాకా ఫాల్టు రాసుకోవాలని రూల్ పుస్తకంలో ఉండేది.

జహనుమాలో ఒక కిరాణా కొట్టుకు ఫోను ఉండేది. గల్లీ మొత్తానికి అదొక్కటే. శుక్రవారం దుబాయ్‌లో సెలవు కాబట్టి, శుక్రవారం పొద్దున్నే గల్లీ ఆడవాళ్లంతా వచ్చి బియ్యం బస్తాల మీద వరసగా కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరికే కొడుకో భర్తో ఫోన్ చేసేవాడు. ఎవరి ఫోను వస్తే వాళ్లకు మిగతావాళ్లంతా దారి ఇచ్చేవాళ్లు. ఏడుపులకు కొట్టువాడు పప్పు తూచడం కూడా ఆపేవాడు. అందులో ఆగమ్మ అని అందరికన్నా పెద్దావిడ. కొడుకు అక్కడ తాపీ పని.

ఒక ఆగస్టు వానలో ఆ లైనుకు ముల్లు పావు దగ్గర ఆగిపోయింది. వెస్లీ కోసేద్దామని కత్తెర తీశాడు. సీతారాం ఆయన చేతిలోంచి కత్తెర లాక్కుని టెస్ట్ ఫోన్ పెట్టాడు.

"ముందు ఇను."

వెస్లీ విన్నాడు. కాగుతున్న నూనెలో మిరపకాయలు వేసినంత చిటపట. ఆ చిటపట అడుగున, ఎక్కడో దూరంగా, ఒక మగ గొంతు: "అమ్మా, తిన్నవా?"

"ఇనబడ్డదా?"

"ఇనబడ్డది ఉస్తాద్."

"అయితె లైను బతికే ఉన్నది. ఆ అంకె ఎవడో ఢిల్లీల కూసోని రాసిండు. ఈ గల్లీ వానల వాడేమన్న తడిసిండా?"

ఆ లైను కోయలేదు. వానలు తగ్గేదాకా ఆగమ్మ ఆ చిటపటలోనే కొడుకుతో మాట్లాడింది. డిపార్ట్‌మెంట్‌లో వెస్లీ నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ ఉదయం నేర్చుకున్నది ఒక ఎత్తు. ఇప్పటికీ ఆయన ఎవరికైనా ఆ కథే చెబుతాడు. అయితే ఆ కథకు రెండో సగం ఒకటుంది. అది చెప్పడు. చాలా ఏళ్లుగా చెప్పక చెప్పక, ఉందన్న సంగతే మరిచిపోయాడు.

మర్నాటి నుంచి వెస్లీ ఫలక్‌నుమా గదిలోనే మూలన స్టూలేసుకుని కూర్చున్నాడు. మూడు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు పదకొండు గంటలప్పుడు లోకల్ రైలు వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. రెండు నిమిషాల్లో లలితమ్మ బిగుసుకుపోయింది. తర్వాతి రైలుకూ అంతే. స్టేషన్‌లో ఐదారు వందల మంది ఒక్కసారి దిగి ఫోన్లు తీస్తే, అక్కడున్న టవర్ మీద సిమ్ దారి ఇరుకైపోతుంది. పెట్టె సిమ్ వదిలి తీగ మీదికి దూకుతుంది. తీగ మీద ఆలస్యం ఎప్పుడూ తొంభై, తొంభై ఐదు. ఎందుకంటే తీగ నడిపే టెలిఫోన్ కంపెనీలో కబుర్లన్నీ ముంబైలోని మిషను దాకా పోయి వెనక్కి వస్తాయి. కాస్త రద్దీ ఉంటే నూట నాలుగో, నూట ఐదో అవుతుంది. వంద దాటింది కదా అని పెట్టె మళ్లీ సిమ్ మీదికి. అక్కడ మరీ అధ్వానం, మళ్లీ వెనక్కి. రెండు గదుల మధ్య తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ పరిగెత్తే పిచ్చిమనిషి లాగా ఉంది దాని వ్యవహారం.

నూట ఐదు ఆలస్యాన్ని మనిషి చెవి పట్టుకోలేదు. ఈ సంగతి వెస్లీ చెవికి తెలుసు. హద్దు పెట్టినవాడికి తెలియదు.

ఆయన శ్రవణ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. ఆ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు గానీ, వినేవాడి మర్యాద కాదది, వదిలించుకునేవాడి మర్యాద. అన్ని చోట్లా ఒకటే టెంప్లేట్ అన్నాడు. మిగతా నాలుగు గదుల్లో మస్తుగా నడుస్తోంది కదా అన్నాడు. వెస్లీ రైలు సంగతి చెప్పాడు. కీబోర్డు టకటకలాడింది. తర్వాత గొంతు మారింది.

"నిజమే అంకుల్. రైలు టైమింగ్స్‌తోని కరెక్టుగ కలుస్తున్నయ్. ఫలక్‌నుమాకు వేరే పెడ్త. ఎంత పెట్టాలె చెప్పండి."

తప్పు ఇక్కడే జరిగింది. అడిగినవాడు ఇంజనీరు, అడిగింది లైన్‌మన్‌ను. పదేళ్లుగా ఎవరూ ఆయన్ని ఏ అంకె పెట్టాలని అడగలేదు. వెస్లీ ఛాతీ ఒక అంగుళం విచ్చుకుంది. చాంబర్‌లోని నల్ల డబ్బా, లోపలి చీటీ కళ్లముందు మెదిలాయి. ఆ లైనును వదిలి ఎవరూ పోకూడదనుకున్నాడు.

"ఆలస్యం మూడు వందలు పెట్టు. పడిపోయేటివి నూటికి అయిదు."

"అయిదా? వాయిస్‌కు ఎక్కువ గద అంకుల్?"

"అది నేనేసిన లైను బిడ్డా. దాని సంగతి నాకు తెల్వదా?"

శ్రవణ్‌కుమార్ ఆ అంకెలే పెట్టాడు.

మర్నాటికి దూకుళ్లు సున్నా. ఆ మర్నాడూ సున్నా. రిపోర్టులో ఫలక్‌నుమా గడి ఆకుపచ్చగా మెరిసింది. రామ్‌చందర్ ఫోన్ చేసి, నీ లైను నిలబడ్డట్టే ఉంది భాయ్ అన్నాడు. వెస్లీ ఆ రోజు స్టేషన్ ముందు మిర్చీలు కట్టించుకుని పైకి తెచ్చి సుజనకు పెట్టి, సీతారాం కథ మొదటి సగం మళ్లీ చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతు ఆ పాత వానాకాలంలోకి పోయింది. రాగి తీగలకు పట్టించే మైనం వాసన, రోడ్డు పక్క పిల్లర్ పెట్టె తలుపు తెరవగానే లోపల నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు తీగల జతలు, ఎవరింటి ముందు గుంత తవ్వినా ఆ ఇంట్లోంచి వచ్చే చాయ్. ఈద్ నాడు లైను బాగుచేసినందుకు చేతిలో పెట్టిన షీర్‌ఖుర్మా పాయసం గిన్నె. అప్పట్లో లైన్‌మన్ గల్లీలోకి వస్తే జనం ముఖం చూసి సలాం చెప్పేవాళ్లు. ఇప్పుడు వైఫై వాడు వస్తే ముఖం కాదు, చేతిలో రూటర్ ఉందో లేదో చూస్తారు.

సుజన విన్నది, నవ్వింది.

పన్నెండు రోజులు అలా గడిచాయి. నెలాఖరుకు వారం ఉందనగా ఒక పొద్దున సుజన ఆయన్ని మెట్ల మీదే ఆపింది.

"వెస్లీ అన్నా, ఒక మాట చెప్త. ఏమనుకోకు."

"చెప్పమ్మా."

"రిపోర్ట్ బాగుంది. డాక్టరమ్మ మాటలే బాగలేవు. మూడు రోజుల సంది కంకర నమిలినట్టు వస్తున్నయ్. నువ్వు ఖుషీగున్నవని చెప్పలేకపోయిన."

లోపల సక్కుబాయి కాలు బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. తెర మీద లలితమ్మ ఏదో చెబుతోంది. బొమ్మ బిగుసుకోవడం లేదు. మాటలే తునకలుగా రాలుతున్నాయి. ప్రతి మూడో మాటకు ఒక చిల్లు. సక్కుబాయి తెర వైపు కాక సుజన వైపు చూస్తోంది.

"నువ్వు చెప్పు బిడ్డా ఆమె ఏమంటున్నదో. ఆమె నోట్ల ఏమో పెట్టుకొని మాట్లాడుతున్నది."

వెస్లీ స్పీకర్ దగ్గరికి వెళ్లి ఎడమ చెవి ఆనించాడు. పది సెకన్లు చాలు. బయటికి వచ్చి శ్రవణ్‌కుమార్‌కు ఫోన్ చేసి, ఇప్పుడు నూటికి ఎన్ని పడిపోతున్నాయని అడిగాడు.

"నాలుగు, నాలుగున్నర అంకుల్. అయిదు దాటలేదు గద, అందుకే గ్రీన్ ఉన్నది. షిఫ్ట్ అయితలేదు."

వెస్లీ మెట్ల మీద కూర్చుండిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది కథ రెండో సగం.

ఆగమ్మ లైను కోయని మర్నాడే, శాలిబండలో ఇంకో లైను దగ్గర మెగ్గర్ ముల్లు పుస్తకం చెప్పిన అంకె మీదే నిలబడింది. పాస్. వెస్లీ పెట్టె మూసేయబోయాడు. సీతారాం టెస్ట్ ఫోన్ చెవికి పెట్టుకుని, ముఖం చిట్లించి, తానే కత్తెర తీసి లైను కోసేశాడు. ఆ లైనులో చిటపట లేదు. తుమ్మెదలాంటి ఒక రొద ఉంది, మాటలన్నీ అందులో మునిగిపోతున్నాయి. "ఇది అంకెల పాస్, చెవిల ఫెయిల్," అన్నాడు. ఆ లైను సీతారాం స్వయంగా కలిపింది. తెల్లారేదాకా ఆగకుండా ఆ మధ్యాహ్నమే జాయింట్ విప్పి మళ్లీ చేశాడు.

పుస్తకం అంకె కన్నా చెవి పెద్దదని ఆ రోజు నేర్చుకున్నానని ఇన్నేళ్లుగా వెస్లీ చెప్పుకుంటూ వచ్చాడు. నేర్చుకున్నదల్లా సగమే. తన లైను మీద ప్రేమతో ఐదు అన్నప్పుడు ఆయన చెవి పెట్టలేదు. అవతల మాదాపూర్‌లో కూర్చున్నవాడు చూడకుండా హద్దు పెట్టాడు. ఇవతల ఫలక్‌నుమాలో కూర్చున్న తాను వినకుండా పెట్టాడు. ఇద్దరికీ తేడా ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు.

శ్రవణ్‌కుమార్‌కు మళ్లీ ఫోన్ చేశాడు. గదిని రెండు రోజులు సిమ్ మీదే నడపమన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. అంత తేలిగ్గా వచ్చిన మాట కాదు.

"అయిదు అన్నది నా తప్పు. నువ్వు ఎక్కువన్నా నేను ఇనలే."

ఫోన్‌లో అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

ఇప్పుడు ఆ ఏరియా లైన్లు చూసేది పింటూ. ఇద్దరు పిల్లల తండ్రి, కాంట్రాక్టర్ కింద పని. కొత్తలో వెస్లీ దగ్గరే నిచ్చెన పట్టుకున్నాడు కాబట్టి ఇప్పటికీ ఉస్తాద్ అంటాడు. వెస్లీ పిలిస్తే మర్నాడు పొద్దున్నే వచ్చి, స్టేషన్ ఎదుట చాంబర్ మూత లేపాడు. పక్కనే డ్రైనేజీ కోసం తవ్వి వదిలేసిన కందకం. చాంబర్ ఒకవైపు కాస్త కుంగింది. నీళ్లు తోడి, నల్ల డబ్బా పైకి తీసి, ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ పరిచి విప్పాడు.

ఫైబర్ రాగి లాంటిది కాదు, గాజు. దాంట్లో పోయేది వెలుగు. డబ్బాలో దాన్ని వదులుగా, అరచేతి అంత చుట్ట చుట్టి పెట్టాలి. కుదించి వంచితే వంపు దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. లోపల ఒక చుట్ట రూపాయి బిళ్ల అంత కుదించుకుని, మూత అంచుకు నొక్కుకుని ఉంది. ఐదేళ్లు ఎలాగో ఓర్చుకుంది. చాంబర్ కుంగగానే ఇంకాస్త నొక్కుకుంది.

చుట్ట కింద చీటీ ఉంది. తడవలేదు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మరీ అంటించిన చీటీ. పింటూ దాన్ని చూశాడు, మళ్లీ పక్కకు చూశాడు.

"డ్రైనేజీ జేసీబీ పని ఉస్తాద్ ఇది. అదే తగిలి ఉంటది."

"జేసీబీ డబ్బా లోపలికెళ్లి చుట్ట చుట్టదు పింటూ."

ఆ రోజు వెస్లీకి బాగా గుర్తుంది. ఆఖరి పనిదినం. నాలుగింటికి ఆఫీసులో సన్మానం. గుడిమల్కాపూర్ నుంచి బంతిపూల దండలు తెప్పించామని, అందరూ వచ్చేశారని, నువ్వొక్కడివే లేవని మూడున్నరకు ఫోన్ వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నడూ ఎవరూ ఆయన కోసం ఆగలేదు, ఆ రోజు ఆగారు. ఆయన చాంబర్‌లోనే నిలబడి, మిగిలిన ఫైబర్‌ను నాలుగు గుండ్రాలు గబగబా చుట్టి లోపలికి తోసి, మూత బిగించాడు. చీటీ మాత్రం మరవలేదు. అక్షరాలు కుదురుగా, పేరు కింద గీత గీసి మరీ రాశాడు. ఆ దండలు మర్నాటికే వాడిపోయాయి. సన్మానంలో ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తు లేదు.

పింటూ చుట్ట విప్పి, నలిగిన చోట కోసి, మిషనులో పెట్టి మళ్లీ అతికించాడు. చిన్న మిషను, రెండు గాజు కొసలను తెరమీద పెద్దవి చేసి చూపించి, ఒక మెరుపుతో కలిపేస్తుంది. వెస్లీ పక్కన గొంతుక్కూర్చుని, అడగందే ఏమీ చెప్పకుండా చూశాడు. పింటూ చుట్ట వెడల్పుగా చుట్టాడు. మూసేముందు పాత చీటీనే తిరిగి పెట్టబోయాడు.

"అది ఇటియ్యి. నీది రాయి."

"ఎందుకు ఉస్తాద్? లైను మీదే గద."

"తెరిచి చేసినోడి పేరే ఉండాలె. రేపు నన్ను తిడితే నీకు మంచిగుంటదా?"

పింటూ నవ్వాడు. పెన్ను లేదంటే వెస్లీయే ఇచ్చాడు. డబ్బా మళ్లీ నీళ్లలోకి దిగింది. పాత చీటీ వెస్లీ చొక్కా జేబులోకి పోయింది. ఇక ఈ ఊళ్లో నేల కింద ఎక్కడైనా ఆయన పేరుందో లేదో ఎవరికీ తెలియదు. పాత రాగి కేబుళ్లు ఎప్పుడో దొంగలెత్తుకుపోయారు.

ఆ మర్నాడు శ్రవణ్‌కుమార్ వచ్చాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. మోటార్‌సైకిల్ వెల్డింగ్ షాపు ముందు నిలిపి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, పద్నాలుగు మెట్లూ ఎక్కి, ఇదేనా గది అన్నట్టు చూశాడు. పెద్ద కస్టమర్ మీటింగ్ ఉందని ఆఫీసులో చెప్పి వచ్చానని సుజనతో అన్నాడు.

ల్యాప్‌టాప్ తెరిచి, తాను కావాలనే లైను మీద ఆలస్యం కలపగలనని, కబుర్లు పడేయగలనని చెప్పాడు. అవతల లలితమ్మకూ చెప్పారు. ఇవతల మాట్లాడేందుకు మనిషి కావాలి. సక్కుబాయి కట్టు మార్పించుకోవడానికి వచ్చి కూర్చుని ఉంది.

"నేనేం మాట్లాడాలె?"

"ఏదైనా మాట్లాడు సక్కమ్మా. ఆగకుండ మాట్లాడు."

"ఆగకుండనా? జల్ది జల్ది చెప్పమని డెబ్బై ఏండ్ల సంది అందరు నా నోరు మూపిచ్చినోళ్లే. ఇయ్యాల మంచి రోజొచ్చింది."

ఆమె మొదలుపెట్టింది. కోడలి సంగతి, నల్లా నీళ్ల సంగతి, ఊడ్చిన రోడ్ల సంగతి. లలితమ్మ నవ్వుతూ జవాబిస్తోంది. శ్రవణ్‌కుమార్ అంకెలు పెంచుతున్నాడు. వెస్లీ కళ్లు మూసుకుని స్పీకర్ పక్కన కూర్చున్నాడు. మాట ఇబ్బంది పెడితే వేలు ఎత్తాలని ఒప్పందం. ఆలస్యం నూటపది, నూట ముప్పై, నూట యాభై. వేలు లేవలేదు. నూట డెబ్బై దగ్గర సక్కుబాయీ, లలితమ్మా ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయారు. వేలు లేచింది. తర్వాత ఆలస్యం తగ్గించి, కబుర్లు పడేయడం మొదలుపెట్టాడు. నూటికి ఒకటి, ఒకటిన్నర, రెండు. రెండు దాటగానే వెస్లీ వేలు నిటారుగా లేచింది. కళ్లు తెరవకుండానే, "కంకర వస్తున్నది," అన్నాడు.

శ్రవణ్‌కుమార్ ఆ అంకెలు రాసుకున్నాడు. తెర మీద చూడాల్సినవాడు కాసేపు వెస్లీ వేలు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆలస్యం నూట అరవై, పడిపోయేవి రెండు. ఒక్క సెకను హద్దు దాటగానే దూకొద్దు, పది సెకన్లు ఆగకుండా దాటితేనే దూకాలి. దూకాక పాత దారి ఐదు నిమిషాలు కుదురుగా ఉంటే తప్ప వెనక్కి రావొద్దు. ఇవన్నీ ఇద్దరూ కలిసి పెట్టారు. మిగతా నాలుగు గదులకూ ఇలాగే పోయి, కూర్చుని, విని పెట్టాలని శ్రవణ్‌కుమార్ తనలో తానే అనుకున్నట్టు అన్నాడు.

"అయిపోయిందా? నేనింక నా పెద్దకోడలి సంగతి చెప్పనే లేదు," అంది సక్కుబాయి.

నెల ఆఖరి రోజు రామ్‌చందర్ రిపోర్టు చేత్తో పట్టుకుని తానే మెట్లెక్కి వచ్చాడు. ఈ ఐదు రోజుల్లో ఆరు దూకుళ్లని ఉంది.

"మొన్నటి దాకా సున్నా ఉండె గద భాయ్. మళ్ల ఆరు ఎట్ల వచ్చినయ్?"

వెస్లీ దాచలేదు. సున్నా తాను తెప్పించుకున్న సున్నా అని, ఆ సున్నా రోజుల్లో సక్కుబాయికి మాట అందలేదని, జాయింట్ తప్పు తనదేనని, ఈ ఆరూ లైను నిజంగా ఆగం అయినప్పుడే దూకినవని చెప్పాడు. రామ్‌చందర్ కాసేపు ఆయన ముఖం వైపు చూశాడు. తర్వాత బెంచీ మీద, చీటీలు పట్టుకున్న ఆడవాళ్ల పక్కన కూర్చున్నాడు.

పదకొండు గంటల రైలు వచ్చింది. కిటికీ ఊచలు సన్నగా వణికాయి. స్టేషన్ మెట్ల మీదుగా జనం పొర్లుకుంటూ కిందికి దిగారు. వెస్లీ వేలు చెవి కాయ మీదికి పోయింది. తెర మీద లలితమ్మ సక్కుబాయిని మడమ ఇంకాస్త పక్కకు తిప్పమంది. సక్కుబాయి తిప్పింది. పుండు అంచు ఎర్రబడిందని, మందు మార్చాలని, మూడు రోజుల్లో మళ్లీ రమ్మని లలితమ్మ చెప్పింది. ప్రతి మాటా వచ్చింది. రామ్‌చందర్ లేచి, రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మూడు రోజులకా? అయితె గది ఉండాలె గద," అన్నాడు, మెట్లు దిగుతూ.

ఆ మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక వెస్లీ నల్ల పెట్టె ఉన్న బీరువా తలుపు తీశాడు. మందుల చీటీ వెనక పెన్నుతో రాశాడు: "ఫలక్‌నుమా. ఆలస్యం 160. పడిపోయేవి 2. పది సెకన్లు. చెవితో విని పెట్టినది." కింద శ్రవణ్‌కుమార్ పేరు, దాని కింద తన పేరు. ఈసారి పేరు కింద గీత గీయలేదు. చీటీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, తలుపు లోపలివైపు అంటించి, తెరిచినవాడికి ఎదురుగా కనబడుతుందో లేదో ఒకసారి తెరిచి చూసి, మూశాడు.